రెండే పెగ్గులు

మన ఉగాది కార్యక్రమం జరిగే హాలు వెనక కారు పార్కింగు ఎలా వుంటుందో సభ్యులకు నేను వర్ణించనక్కరలేదు. లోపల పంచాంగ శ్రవణం జరుగుతూ వుంటుంది. గజ్జెలు కట్టుకున్న పిల్లలు తెర వెనక తోసుకుంటూ వుంటారు. వంటల కమిటీ వారు పులిహోర గిన్నెల దగ్గర కాపలా కాస్తూ వుంటారు. బయట మాత్రం ఒక కారు డిక్కీ తెరిచి వుంటుంది. దాని చుట్టూ ఏడెనిమిది మంది మగవారు కాగితపు గ్లాసులతో నిలబడి వుంటారు. ఏమిటండీ అది అని అడిగితే కోకాకోలా అంటారు. కోకాకోలాయే, కాదనను. అదొక్కటే కాదు, అంతే.

సంపాదకులు గారు ఈ నెల షుగరు వ్యాధి గురించి రాయమన్నారు. షుగరు గురించి ఎవరైనా రాస్తారు, ఎప్పుడైనా రాయవచ్చు. ఆ డిక్కీ గురించి మాత్రం ఎవరూ రాయరు. అందుకని వారి అనుమతితో ఈసారి దాని గురించే రాస్తున్నాను. నేను ఆంధ్రాలో ఎం.బి.బి.యస్. చదివి, ఇంగ్లండు వచ్చి, కొన్నేళ్ళు ఆసుపత్రి వార్డుల్లో పని చేసి, ఇప్పుడు జీపీగా వున్నాను. పెద్దలకు నీతులు చెప్పే వయసు కాదు నాది, ఇంకా ముప్ఫైలలోనే వున్నాను. పైగా ఈ విషయంలో మొదట తప్పు చేసినదాన్ని నేనే. ఆ తప్పు దగ్గరే మొదలు పెడతాను.

మా సర్జరీకి వచ్చే తెలుగువారిలో ఒక పెద్దాయన వున్నారు. (సర్జరీ అంటే మన ఊళ్ళో కోత, ఇక్కడ డాక్టరు గది. మా అమ్మ మొదటిసారి ఫోనులో ఆ మాట విని కంగారు పడింది.) ఆయన్ని నేను బాబాయి గారూ అని పిలుస్తాను, వాళ్ళావిడని పిన్నీ అంటాను. చుట్టరికం ఏమీ లేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో గది దొరికేదాకా వాళ్ళింట్లో మూడు వారాలు వున్నాను, ఆ రుణం. వారిద్దరూ ఈ వ్యాసం చదివి, ఫరవాలేదు వేయమన్న తరవాతే పత్రికకు ఇస్తున్నాను. కొన్ని వివరాలు మార్చాను కనుక ఎవరా అని ఊహించే శ్రమ పాఠకులు పడవద్దు.

బాబాయి గారు ఏడాదిన్నర పాటు నా దగ్గరకు వచ్చారు. ఒకసారి గుండెల్లో మంట అన్నారు, ఒమెప్రజోల్ రాశాను. ఇంకోసారి అర్ధరాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టడం లేదన్నారు, పడుకునే ముందు టీ మానమన్నాను. బీపీ ఒక మాత్రకు లొంగలేదు, రెండోది కలిపాను. దానికీ లొంగలేదు, మోతాదు పెంచాను. సిగరెట్టు కాలుస్తారా అని అడిగాను. ఉప్పు, ఊరగాయల గురించి అడిగాను. తాగుతారా అని మాత్రం అడగలేదు. వైద్య కళాశాలలో రెండో ఏడాది విద్యార్థి కూడా అడిగే ప్రశ్న అది. ఎందుకు అడగలేదంటే నోరు రాలేదు. నాకు అన్నం పెట్టిన ఇంటి యజమానిని, మా నాన్న ఈడు మనిషిని, మీరు మందు ఎంత కొడతారు అని ఎలా అడగను? తెల్లవాళ్ళని రోజుకు ఇరవై మందిని అడుగుతాను, ఏ ఇబ్బందీ వుండదు. మనవాళ్ళ దగ్గరకు వచ్చేసరికి నేను డాక్టర్ని కాదు, ఒక ఇంటి ఆడపిల్లని అయిపోతాను. అంత దగ్గరి వాళ్ళను వేరే డాక్టరు చూడడమే మంచిదని కూడా అప్పుడే తెలిసి వుండవలసింది.

ఇంగ్లండులో 40 నుంచి 74 ఏళ్ళ లోపు వారికి అయిదేళ్ళకొకసారి ఆరోగ్య పరీక్ష చేస్తారు. ఆ పరీక్షలో మా నర్సు బాబాయి గారిని నేను అడగని ప్రశ్న అడిగింది. ఆయన అబద్ధం చెప్పలేదు. రోజూ రాత్రి రెండే పెగ్గులు అన్నారు. ఆ పిల్ల ఇక్కడ పుట్టి పెరిగిన మనిషి. పెగ్గు అంటే ఇక్కడి పబ్బులో పోసే చిన్న కొలత అనుకుంది. అది 25 మిల్లీలీటర్లు, సరిగ్గా ఒక యూనిట్టు. రోజుకు 2, వారానికి 14. ఈ దేశంలో 2016 జనవరి నుంచి ఆడవారికీ మగవారికీ చెబుతున్న హద్దు కూడా వారానికి 14 యూనిట్లే. లెక్క గీత మీద పడింది. కంప్యూటర్లో పచ్చ గుర్తు పెట్టి పంపించేసింది.

అసలు సంగతి తెలిసింది సర్జరీలో కాదు, వాళ్ళ వంటింట్లో. ఒక ఆదివారం నాకు గోంగూర పచ్చడి సీసాలో పెడుతూ పిన్ని, ఖాళీ సీసాలకు కొదవ లేదే అమ్మా, రెండు వారాలకు మూడు చొప్పున వస్తాయి, ఇరుగుపొరుగు చూస్తారని మీ బాబాయి వాటిని సూపర్ మార్కెట్టు దగ్గర గాజు తొట్టిలో వేసి వస్తారు, అంది. నవ్వుతూనే అంది. ఇంటికి వస్తూ కారులో లెక్క వేశాను. ఇక్కడి విస్కీ సీసా 700 మిల్లీలీటర్లు, అందులో 40 శాతం ఆల్కహాలు, అంటే 28 యూనిట్లు. రెండు వారాలకు మూడు సీసాలంటే వారానికి సీసాన్నర, 42 యూనిట్లు. హద్దుకు సరిగ్గా మూడింతలు.

తరవాతి సారి ఆయన సర్జరీకి వచ్చినప్పుడు తలుపు వేసి, "బాబాయి గారూ, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి," అన్నాను.

"అడగమ్మా."

"మీ పెగ్గు ఎంత వుంటుంది?"

"పెగ్గంటే పెగ్గేనమ్మా. ఎంత వుంటుందేమిటి?"

ఇంటికి వెళ్ళి రోజూ తాగే గ్లాసులోనే రోజూ పోసుకునేంత నీళ్ళు పోసి, వాటిని కొలిచే జగ్గులో వంచి చూడమన్నాను. మర్నాడు ఫోను చేశారు. 75 మిల్లీలీటర్లు. ఆయన గొంతులో నిజమైన ఆశ్చర్యం వుంది. ఏడాదిన్నరలో నేను రాసిన మందులన్నింటికన్నా ఆ జగ్గే ఎక్కువ పని చేసింది.

ఈ యూనిట్ల లెక్క కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళకు అసలు చిక్కంతా ఇక్కడే వుంది. యూనిట్టు అంటే 10 మిల్లీలీటర్ల అచ్చమైన ఆల్కహాలు, తూకంలో 8 గ్రాములు. మన దేశంలో చిన్న పెగ్గు 30, పెద్ద పెగ్గు 60. అక్కడి విస్కీ, బ్రాందీ సాధారణంగా 42.8 శాతం వుంటాయి. ఆ లెక్కన పెద్ద పెగ్గు ఒక్కటే రెండున్నర యూనిట్లు. నైంటీ అంటే దాదాపు 4. క్వార్టరు అంటే 7.7. విమానాశ్రయంలో తెచ్చుకునే లీటరు సీసా 40 యూనిట్లు. బీరు తేలిక అనుకుంటారు, కాని 5 శాతం వున్న అర లీటరు డబ్బా ఒక్కటి రెండున్నర యూనిట్లు, అంటే పెద్ద పెగ్గుతో సమానం. 13 శాతం వైను సీసా పావు తక్కువ 10. ఈ లెక్కల్లో ఎక్కడా మర్యాదకూ, కులానికీ, జీతానికీ చోటు లేదని గమనించాలి.

ఆ మాట ఎందుకన్నానంటే, మన మనసులో తాగుడు అంటే సారా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలు పెట్టిన ఉద్యమం, 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాన్ని ఎత్తివేయడం, ఇవన్నీ మా ఇంట్లో పెద్దలు చెప్పుకోగా విన్నాను. ఆ కథల్లో తాగేవాడెప్పుడూ కూలివాడే. పాకెట్టు సారా తాగి ఇంటికి వచ్చి పెళ్ళాన్ని కొట్టేవాడే. అద్దాల బీరువాలో బంగారు అక్షరాల సీసా పెట్టుకుని, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, రోజూ రాత్రి టీవీ ముందు కూర్చుని తాగే ఇంజనీరు ఆ కథల్లో లేడు. లివరు ఆ తేడా చూడదు.

ఇక ప్రశ్నల సంగతి. వైద్యులు వాడే ప్రశ్నావళులు చాలా వున్నాయి. మేము చదువుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలది ఒకటి నేర్పారు. తాగుడు తగ్గించాలని ఎప్పుడైనా అనుకున్నారా, ఎవరైనా ఆ మాట అంటే చిరాకు పడ్డారా, తప్పు చేస్తున్నానని బాధ పడ్డారా, పొద్దున్న లేవగానే స్థిమితం కోసం ఒక గుక్క వేశారా అని. జాన్ యూయింగ్ అనే అమెరికా వైద్యుడిది, 1984లో అచ్చయింది, కేజ్ అని పిలుస్తారు. గుర్తు పెట్టుకోవడానికి తేలిక. అయితే మనవాళ్ళకు అది అంతగా నప్పదని నా అభిప్రాయం. మూడో ప్రశ్న చూడండి. ఇంట్లో కోడిగుడ్డు కూడా ఉడికించని సంప్రదాయంలో పెరిగిన కుర్రాడు ఆఫీసు విందులో సగం బీరు తాగినా నెల రోజులు తప్పు చేశానని కుమిలిపోతాడు. వారానికి 42 యూనిట్లు తాగే పెద్దమనిషికి ఆ బాధ ఏ కోశానా వుండదు. పైగా ఆ నాలుగు ప్రశ్నలకూ దొరికేది ముదిరిన కేసు. మాకు కావలసింది ముదరక ముందు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో ఆడిట్ అనే పది ప్రశ్నల పట్టిక తెచ్చింది. ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికాల్లో మామూలు ఆసుపత్రులకు వచ్చిన రోగుల మీద పరీక్షించి తయారు చేశారు. మన దేశం ఆ ఆరింటిలో లేదు, అయినా మనకు బాగానే పనికి వస్తుంది. మొత్తం 40 మార్కులు. 8 లేదా అంతకు మించి వస్తే ప్రమాదం వైపు నడుస్తున్నట్టు, 16 లేదా అంతకు మించితే హాని జరుగుతున్నట్టు, 20 లేదా అంతకు మించితే శరీరం మందుకు అలవాటు పడి వుండవచ్చునన్నట్టు. (మార్కులు ఎక్కువ వస్తే సంతోషించకూడని పరీక్ష మనవాళ్ళ జీవితంలో ఇదొక్కటేనేమో.) పదీ అడిగే తీరిక లేకపోతే మొదటి మూడే అడుగుతాము. ఎన్ని రోజులకొకసారి, తాగిన రోజున ఎన్ని యూనిట్లు, ఒకే పూట మగవారైతే 8, ఆడవారైతే 6 యూనిట్లు లేదా అంతకు మించి ఎంత తరచుగా. ఆ మూడింటికి 12 మార్కులు, ఇక్కడ 5 వస్తే మిగతా ఏడు ప్రశ్నలూ అడుగుతాము. బాబాయి గారికి ఆ మూడింటిలోనే 9 వచ్చాయి. రోజూ కనుక 4, పూటకు 6 యూనిట్లు కనుక 2, శని, ఆదివారాల్లో స్నేహితులు వస్తే మూడో పెగ్గు కూడా పడుతుంది కనుక 3.

రక్త పరీక్షలో తెలిసిపోదా అని చాలామంది అడుగుతారు. తెలియదు. జీజీటీ అనే ఎంజైము పెరగవచ్చు, ఎర్ర రక్తకణాలు కాస్త ఉబ్బవచ్చు. రెండూ మామూలుగా వుండి కూడా లివరు గట్టిపడుతూ వుండవచ్చు. లివరు పరీక్షలు నార్మలండీ అని కాగితం చూపించి ధైర్యం తెచ్చుకునేవారు మనలో చాలామంది వున్నారు. స్కానులో కొవ్వు లివరు అని వస్తే అంతా షుగరు మీదకీ, పొట్ట మీదకీ నెట్టేస్తారు. మన శరీరాలకు అవీ నిజమే. రెండూ కలిసి వుంటే లివరుకు మరీ చేటు. వారానికి 50 యూనిట్లు పైబడి తాగే మగవారికి, 35 పైబడి తాగే ఆడవారికి లివరు గట్టిదనం కొలిచే ప్రత్యేకమైన స్కాను ఇప్పించాలని ఇక్కడి నియమం. అది కావాలన్నా ముందు నిజం అంకె చెప్పాలి కదా.

ఆడవారు అన్నాను కనుక ఇక్కడే ఒక మాట. మన ఆడవాళ్ళని డాక్టర్లు అసలు అడగరు. చీర, బొట్టు చూసి ఆ గడిలో సున్నా వేసేస్తారు. నేనూ వేశాను. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తూ, పిల్లలు పడుకున్నాక ఒక గ్లాసు వైనుతో మొదలు పెట్టి సీసా దాకా వచ్చిన మన అమ్మాయిలను ఈ రెండేళ్ళలో చూశాను. ఎక్కువ మందిని కాదు. కాని వారిలో ఒక్కరినీ అంతకు ముందు ఎవరూ అడగలేదు.

అడిగాక ఏం చేస్తారు అంటే, చాలామందికి చేసేది అయిదు, పది నిమిషాల మాట. అంకె చెప్పడం, ఆ అంకెకూ ఆయన బీపీకీ, నిద్రకూ వున్న సంబంధం చెప్పడం, ఆయన ఏం చేయగలరో ఆయన నోటితోనే చెప్పించడం. ఇది పని చేస్తుందా? 2018లో ప్రపంచవ్యాప్తంగా జరిగిన 69 ప్రయోగాలను కలిపి చూశారు. ఏడాది తరవాత సగటున వారానికి 20 గ్రాములు, అంటే రెండున్నర యూనిట్లు తగ్గినట్టు తేలింది. వినడానికి చిన్నదే. ఒక పెద్ద పెగ్గు. కాని అది సగటు. పది నిమిషాల ఖర్చుకు అంత ఫలితమిచ్చే మందులు నా దగ్గర ఎక్కువ లేవు. 1977లో లండన్లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్ గారి బృందం బాగా ముదిరిన 100 మంది పెళ్ళయిన మగ రోగులను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు పూర్తి చికిత్స, రెండో జట్టుకు భార్యను పక్కన కూర్చోబెట్టి ఒకే ఒక్కసారి గట్టిగా సలహా. ఏడాది తరవాత రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆ భార్యను పక్కన కూర్చోబెట్టడం అన్న మాట నాకు చాలా నచ్చింది. పిన్నిని కూడా పిలిచాను.

మేము ముగ్గురం కూర్చుని వేసుకున్న పథకంలో విడ్డూరం ఏమీ లేదు. మనవడి దగ్గుమందు మీద వచ్చిన ప్లాస్టిక్ కొలత గిన్నెతో కొలిచి పోసుకోవడం. వారంలో మూడు రాత్రులు పూర్తిగా ఖాళీ. మూడోది పిన్ని చెప్పింది. అన్నం ముందు తినేయడం. మన పద్ధతి చూడండి. ముందు మందు, దానితో పకోడీలు, జీడిపప్పు, కారప్పూస, పదకొండింటికి అన్నం. ఖాళీ కడుపుతో తాగుతూ, అన్నం వచ్చేదాకా పోసుకుంటూనే వుంటారు. ఎనిమిదింటికే అన్నం పెట్టేస్తే? పెరుగన్నం తిన్నాక మందు పోసుకునే తెలుగువాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఈ చిట్కాను ఇప్పుడు అందరు తెలుగు రోగులకూ చెబుతున్నాను.

అయితే తగ్గించండి అని చెప్పే ముందు నేను ఆయన్ని ఇంకో మూడు ప్రశ్నలు అడిగాను. పొద్దున్నే చేతులు వణుకుతాయా? తాగని రోజున చెమటలు పడతాయా? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? మూడింటికీ లేదన్నారు. అందుకే తగ్గించమన్నాను. అవునని వుంటే ఆ మాట అనేదాన్ని కాను. పాఠకులు ఈ వ్యాసంలో ఇంకేమి మరిచిపోయినా ఈ భాగం మరవవద్దు.

నేను వార్డులో జూనియరుగా వున్న రోజుల్లో ఒక రాత్రి గుంటూరు జిల్లా నుంచి కొడుకు ఇంటికి వచ్చిన పెద్దాయనను తీసుకొచ్చారు. వచ్చి నాలుగో రోజు. మొదటి రోజు చెమటలు, నిద్ర లేదు. ప్రయాణం బడలిక అనుకున్నారు. రెండో రోజు కాఫీ గ్లాసు పట్టుకోలేనంత వణుకు. చలి అనుకున్నారు. మూడో రోజు రాత్రి గోడల మీద చీమలు పాకుతున్నాయని దులపడం మొదలు పెట్టారు, చనిపోయిన అన్నగారితో మాట్లాడారు, పొలానికి నీళ్ళు కట్టాలి తలుపు తీయండి అని కోడలి మీద కేకలు వేశారు. ఊళ్ళో వున్న వైద్యుడికి ఫోను చేస్తే గ్లూకోజు ఎక్కించమన్నాడట. నేను కొడుకును అడిగాను. మా నాన్న ముట్టరండీ, అన్నాడు. అతనికి నిజంగానే తెలియదు. వరండాలో తల్లిగారు నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళి మెల్లిగా చెప్పింది. "రోజూ క్వార్టరమ్మా, ఒక్కోనాడు రెండు. కోడలి ముందు పరువు పోతుందని విమానం ఎక్కిన కాడి నుంచి ముట్టుకోలేదు." రెండు క్వార్టర్లంటే 15 యూనిట్లు దాటి.

ఏం జరుగుతుందంటే, ఆల్కహాలు మెదడును జోకొడుతుంది. ఏళ్ళ తరబడి రోజూ జోకొడుతూ వుంటే, మెదడు మెలకువగా వుండడానికి ఎదురు తోస్తుంది. తలుపుకు అటొకరూ ఇటొకరూ తోస్తున్నట్టు. తలుపు కదలదు, మనిషి మామూలుగానే కనబడతాడు. ఒకరు హఠాత్తుగా వదిలేస్తే రెండోవారు బోర్లా పడతారు. ఆఖరి గుక్క తరవాత ఆరు నుంచి పన్నెండు గంటల్లో వణుకు, చెమట. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు ఈ పెద్దాయనకు వచ్చిన సన్నిపాతం, డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యం చేయకపోతే ప్రాణం పోవచ్చు. వైద్యం కష్టం కాదు. క్లోర్‌డయాజిపాక్సైడ్ వంటి మందు తగినంత ఇచ్చి వారం రోజుల్లో మెల్లిగా తగ్గిస్తూ ఆపేస్తారు. దానితో థయమిన్, అంటే విటమిన్ బి1. తాగేవారు సరిగా తినరు, తిన్నదీ పాలిష్ పట్టిన బియ్యమే, కనుక ఆ విటమిన్ శరీరంలో మిగలదు. అది లేకుండా గ్లూకోజు మాత్రమే ఎక్కిస్తే వున్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. మనిషి అయోమయంగా, తూలుతూ, కళ్ళు నిలపలేకుండా అయిపోతాడు, ఆపైన జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. ఒక సీసా గ్లూకోజు ఎక్కిస్తే సరి అనే మన ఊరి అలవాటు ఈ ఒక్కచోట ప్రమాదం. ఆ పెద్దాయన అదృష్టవంతులు, ఆరు రోజుల్లో కోలుకుని ఇంటికి వెళ్ళారు. బిల్లు తరవాత వచ్చింది. సందర్శకుల వీసా మీద వచ్చినవారికి ఇక్కడ అత్యవసర విభాగంలో చూడడం ఉచితమే కాని, వార్డులో చేర్చుకుంటే మామూలు ధరకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. తాగుడు వల్ల వచ్చిన జబ్బు అని తేలితే చాలా ప్రయాణ బీమాలు పైసా ఇవ్వవు.

కనుక వేసవికి తల్లిదండ్రులను పిలిపించుకునే వారికి నా మనవి. టిక్కెట్టు కొనేటప్పుడు బీపీ మాత్రలు తెచ్చుకోండి అని ఎలా చెబుతారో, ఈ సంగతి కూడా అలాగే అమ్మను అడగండి. నాన్నను అడిగితే చెప్పరు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చేవారైతే కల్లు గురించి కూడా అడగండి. దుకాణాల్లో అమ్మే కల్తీ కల్లులో డయాజిపాం, ఆల్‌ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలపడం అక్కడ కొత్త కాదు. 2015లో కల్తీ మీద దాడులు చేసి కల్లు ఆపించినప్పుడు నిజామాబాద్ వైపు జనం ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆసుపత్రులకు వచ్చారు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో లాక్‌డౌన్‌లో దుకాణాలన్నీ మూసినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రి ముందు వరస కట్టింది కూడా ఇలాంటివారే. రోజుకు 15 యూనిట్లు పైబడి తాగేవారు, వణుకు వచ్చేవారు, ఇదివరకు ఫిట్స్ వచ్చినవారు తమంతట తాము ఒక్కసారిగా మానకూడదు. ఒట్టు పెట్టించుకుని మాన్పించకూడదు. అయ్యప్ప మాల వేసుకునేవారికి కూడా ఇదే మాట. మాల వేసుకోవాలనుకుంటే నెల ముందే డాక్టరును కలవండి. దేవుడు ఏమీ అనుకోడు.

మానిన తరవాత మళ్ళీ మొదలు కాకుండా కొన్ని మందులు వున్నాయి. అకాంప్రొసేట్ అనేది పూర్తిగా మానినవారికి, రోజుకు మూడు పూటలా. నల్‌ట్రెక్సోన్ రోజుకొకటి, అది తాగితే వచ్చే ఆనందాన్ని మొద్దుబారుస్తుంది. కోడీన్ వున్న నొప్పి మాత్రలు వాడేవారికి పనికిరాదు. రెండూ అద్భుతాలు కావు, కాని వాడదగ్గ మందులు. చాలామంది వీటి పేరే వినలేదు. సాధారణంగా మీ ప్రాంతపు ఆల్కహాలు సేవల కేంద్రం వారు మొదలు పెడతారు, అక్కడికి జీపీ ఉత్తరం లేకుండా మీరే నేరుగా వెళ్ళవచ్చు.

మన ఆడవారికి బాగా తెలిసిన మందు మూడోది, డైసల్ఫిరాం. 1948లో డెన్మార్కులో దీని సంగతి బయటపడింది. ఇది వేసుకున్నవారు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోతుంది. కిందటేడు ఒక సోదరి నా దగ్గరకు వచ్చి, అక్కా, మా అమ్మ ఇండియా నుంచి ఈ మాత్రలు పంపింది, పప్పులో కలిపి పెడితే ఆయనకు తెలియదట, ఎన్ని కలపమంటారు, అని అడిగింది. ఆమె కష్టం నాకు తెలుసు. కాని ఆ భర్తకు గుండె జబ్బు వుంది. ఆ పప్పు తిని నాలుగు పెగ్గులు వేసుకుంటే ఆ రాత్రే పోయి వుండేవాడు. ఈ మందు తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వేసుకునేవారికి మంచిదే. చాటుగా పెడితే అది వైద్యం కాదు. మాత్రలు నా చేతికి ఇచ్చి వెళ్ళింది. అతను ఇంకా తాగుతూనే వున్నాడు. ఆమె ఇప్పుడు తాగుబోతుల కుటుంబాలవారు కలుసుకునే సమావేశాలకు వెళుతోంది. నాకు తెలిసినంతలో ఆమె చేయగలిగింది అది.

డాక్టరుకు చెబితే ఉద్యోగం పోతుందా, వీసా పోతుందా అని అందరూ భయపడతారు. మీ జీపీ ఆ మాట మీ యజమానికి చేరవేయరు. వీసా కాగితాలు చూసే వారికి ఉత్తరం రాయరు. మీ భార్యకు కూడా చెప్పరు. నేను సంఘంలో కనిపించినా అక్కడ మాట్లాడను. రెండు మినహాయింపులు వున్నాయి, దాచను. పిల్లలకు ప్రమాదం వుంటే ఊరుకోము. డ్రైవింగు లైసెన్సు వున్నవారు తాగుడుకు బానిస అయినట్టు తేలితే ఆ సంగతి లైసెన్సు కార్యాలయానికి తామే తెలపాలని చట్టం. తెలపకుండా నడుపుతూ వుంటే మేము తెలపవచ్చు. అందుకే చెబుతున్నాను, లైసెన్సు దాకా రాకముందే రండి. పార్కింగులో డిక్కీ మూసి, అదే కారు నడుపుకుంటూ పిల్లలతో ఇంటికి వెళ్ళేవారికి ఈ వాక్యం రెండుసార్లు చదివే తీరిక వుంటే బాగుండును.

బాబాయి గారి సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన ఇప్పుడు మా సర్జరీలో ఇంకో డాక్టరు దగ్గరకు వెళుతున్నారు. అదే నయం, ఇద్దరికీ. మూడు నెలల్లో వారానికి 12 యూనిట్లకు వచ్చారు. బీపీ మాత్ర ఒకటి తీసేశారు, రాత్రి నిద్ర పడుతోంది. తరవాత మేనకోడలి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళి మూడు వారాలు వున్నారు. తిరిగి వచ్చాక మళ్ళీ పెరిగింది, ఇప్పుడు 20 దగ్గర వున్నారు. కొలత గిన్నె మాత్రం వదలలేదు. "అంకె తెలియకముందు హాయిగా వుండేదమ్మా," అని మొన్న ఫోనులో నవ్వారు.

ఆడిట్ పది ప్రశ్నలనూ నేను తెలుగులో రాసి, యూనిట్ల పట్టికలో నైంటీ, క్వార్టరు లెక్కలు కూడా చేర్చాను. నలభై ప్రతులు కార్యదర్శి గారికి ఇచ్చాను. వచ్చే కార్యక్రమంలో టీ బల్ల పక్కన వుంచుతారు. పేరు రాయనక్కరలేదు, ఎవరికీ చూపించనక్కరలేదు, ఎవరైనా తీసుకుని ఇంటికి పట్టుకెళ్ళవచ్చు. బల్ల దగ్గర నలుగురూ చూస్తారని సంకోచించే వారి కోసం కొన్ని ప్రతులు మగవారి కోటులు తగిలించే గదిలోనూ, ఆడవారి వైపు అద్దం దగ్గరా కూడా పెట్టించమని కోరాను.